మీకు తెలుసా? పంటి మరమ్మతుకు గొర్రె బొచ్చు!

మన ఒంట్లో అన్నిటికన్నా గట్టిది ఏంటో చెప్పండి చూద్దాం! ఎముక అంటారా? కాదండీ, పంటి మీదుండే ఎనామిల్! దాని బరువులో దాదాపు 96 శాతం ఉత్త ఖనిజమే! మిగిలింది కాస్త నీరు, పిసరంత ప్రొటీన్. ఉక్కులాంటి పళ్లు అని మురిసిపోయేది ఊరికే కాదు!

కానీ ఓ లోటుంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది. చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్ ఊడిందా, ఇక అంతే సంగతులు! దాన్ని తయారుచేసిన కణాలు పన్ను చిగురు దాటి పైకొచ్చేసరికే చచ్చిపోతాయి. 6 ఏళ్లప్పుడు వచ్చిన దవడ పన్నుకి ముసలితనం దాకా అదే ఎనామిల్! కొత్తది రాదు!

ఆ ఖనిజం పేరు హైడ్రాక్సీ అపటైట్. దానికి పులుపంటే పడదు. నోట్లో పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు) 5.5 కన్నా దిగిందంటే చాలు, కాల్షియం, ఫాస్ఫేటు కరిగి బయటికి వచ్చేస్తాయి! తీపి తిన్నా ఇదే కథ. నోట్లోని బ్యాక్టీరియా ఆ చక్కెరను నిమిషాల్లో ఆమ్లం చేసేస్తుంది.

మరి ఇన్నాళ్లూ మన పళ్లు ఎలా నిలబడ్డాయి? ఉమ్మి పుణ్యమే! రోజుకు దాదాపు 1 లీటరు ఊరుతుంది! దాని నిండా కాల్షియం, ఫాస్ఫేటు ఉంటాయి. కరిగిపోయిన ఖనిజాన్ని మెల్లగా వెనక్కి తెచ్చి పెడుతూనే ఉంటుంది. నిద్రపోతే మాత్రం ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది. పడుకునే ముందు లడ్డూ తినేవాళ్లూ, వింటున్నారా?

ఇప్పుడు అసలు సంగతి! ఉమ్మి చేసే ఈ పనికి సాయం చేసే పదార్థాలు వచ్చేశాయి. ప్రకృతిని చూసి నేర్చుకుని చేసినవి! జపాన్‌లో సాంగి అనే కంపెనీ ఏం చేసిందో తెలుసా? నాసా పేటెంటు ఒకటి కొనుక్కుంది. పంటి ఖనిజాన్నే పొడి చేసి పేస్టులో కలిపేసింది. అదీ 1980లో! పన్నును పన్ను సరుకుతోనే తోమడమన్నమాట!

పాలలోనూ ఓ రహస్యం దాగుంది! కాల్షియం, ఫాస్ఫేటు ఎక్కువ మోతాదులో కలిస్తే గడ్డకట్టి అడుగున పేరుకోవాలి. పాలలో అలా జరగదు, కేసిన్ అనే ప్రొటీన్ వాటిని పట్టుకుని ఉంచుతుంది! మెల్‌బోర్న్ యూనివర్సిటీలో ఎరిక్ రెనాల్డ్స్ బృందం ఆ ప్రొటీన్‌ను ముక్కలు చేసి, పంటికి ఖనిజం మోసే కూలీగా మార్చేసింది. పళ్లకు రాసే ఓ క్రీములో అది 10 శాతం ఉంటుంది! అలాగని గడ్డపెరుగు పళ్లకు పులుముకోకండి, ఆ పని జరగదు. పాల ప్రొటీన్ పడనివాళ్లు ఈ క్రీము జోలికే వెళ్లకూడదు.

గాజుతో పళ్లు తోమడం విన్నారా? అమెరికాలో లారీ హెంచ్ అనే ఆయన 1969లో ఓ వింత గాజు చేశాడు. అది ఎముకకు అతుక్కుపోయింది! యుద్ధంలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సైనికుల కోసం మొదలైన పని అది. ఇప్పుడు ఆ గాజునే మెత్తగా నూరి, చల్లటి నీళ్లు తాగితే పళ్లు జివ్వుమనేవాళ్ల పేస్టులో కలుపుతున్నారు. ఉమ్మి తగలగానే కాల్షియం వదులుతుంది!

ఇది ఇంకా వింత! పుచ్చు మొదలయ్యేటప్పుడు గుంట పడదు, ముందు తెల్ల మచ్చ వస్తుంది. పన్ను తడిగా ఉంటే ఆ మచ్చ సరిగా ఆనదు. డెంటిస్టు గాలి గొట్టంతో ఆరబెట్టగానే సుద్ద రాసినట్టు తేలుతుంది! లోపలి సన్నటి రంధ్రాల్లోంచి నీరు పోయి గాలి నిండడమే కారణం. ఆ రంధ్రాల్లోకే ఓ చుక్క వేస్తారు. అందులో ఉండేది 11 అమైనో ఆమ్లాల బుల్లి గొలుసు! లీడ్స్ యూనివర్సిటీలో పుట్టింది. లోపలికి ఇంకగానే ఆ గొలుసులు వాటంతటవే అల్లుకుని జాలీ కట్టేస్తాయి. ఉమ్మిలోని కాల్షియం వచ్చి ఆ జాలీకి పట్టుకుంటుంది. డ్రిల్లు లేదు, సూది లేదు! నాకైతే వీటన్నిటిలో ఇదే ముచ్చటగా అనిపించింది.

చైనాలోని జెజియాంగ్ యూనివర్సిటీ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. పీకేసిన పంటి మీద కొత్త ఎనామిల్ పొర పెంచేశారు! ఎంతసేపట్లో? 48 గంటల్లో! పొర వెంట్రుక మందం కన్నా ఎంతో పల్చన. ఇదింకా ల్యాబ్ దాటి రాలేదు.

ఇక గొర్రె బొచ్చు! ఉన్నిలో కెరటిన్ ఉంటుంది. మన జుట్టులోనూ, గోళ్లలోనూ ఉండేది అదే! లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లు 2025లో ఆ కెరటిన్‌ను పంటి మీద పూసి చూశారు. ఉమ్మిలోని ఖనిజాలు దానికి అంటుకుని ఎనామిల్ లాంటి పొర కట్టింది! ఇదీ ల్యాబ్ ముచ్చటే. దుకాణంలో ఉన్ని పేస్టు అడక్కండి!

ఫ్లోరైడ్ సంగతేంటి అంటారా? పుచ్చు ఆపడంలో ఎక్కువ రుజువులున్నది ఇప్పటికీ దానికే! అదే ఫ్లోరైడ్ తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే, పెరిగే వయసులో పళ్లు గారపట్టి పాడైపోతాయి. నల్గొండ వాళ్లకి ఇది కొత్తగా చెప్పాలా?

ఒక్క మాట గుర్తుంచుకోండి! పుచ్చు విషయంలో ఈ క్రీములూ, చుక్కలూ పనిచేసేది తెల్ల మచ్చ దశలోనే. గుంట పడిందా, ఇక ఫిల్లింగే గతి! అందుకే ఈ రాత్రి బ్రష్ చేశాక పేస్టు ఉమ్మేయండి, అందులోని ఫ్లోరైడ్ పళ్ల మీద నిలిచేలా నీళ్లతో పుక్కిలించకండి. పిల్లల ముందువరుస పళ్లను ఓసారి గుడ్డతో తుడిచి, వెలుతుర్లో చూడండి. తెల్ల మచ్చ కనబడితే నొప్పి వచ్చేదాకా ఆగకండి, డెంటిస్టుకు చూపించండి!