ముద్రాధ్యక్షుని వాకిట

అశోకవనమున హనుమంతుడు సీతాదేవికి ఉంగరము నిచ్చిన ఘట్టము మనకందరకును తెలిసినదే. కాని ఆ ఘట్టమున వాల్మీకి పాటించిన వరుసను మనము తరచుగా మరచుచుందుము. హనుమ చెట్టు దిగి వచ్చిన తోడనే ఉంగరము చూపలేదు. ముందు ఆ తల్లి అతనిని శంకించినది. మాయారూపమున వచ్చిన రావణుడేమో యని భయపడినది. రాముని లక్షణము లెట్టివి, లక్ష్మణుని రూప మెట్టిది, నరులకును వానరులకును పొత్తు ఎట్లు కుదిరినది అని ప్రశ్నించినది. అన్నిటికిని సమాధానము చెప్పిన పిదపనే రామనామాంకితమైన ఆ ఉంగరము చేతులు మారినది. అనగా ముందు విచారణ, పిదప ముద్ర. ఏండ్ల తరబడి ఈ ఘట్టమును తరగతిలో చెప్పుచున్నను, ఈ వరుసలోని ఔచిత్యము నాకు పూర్తిగా బోధపడినది 2025 వేసవిలో, అమెరికాలో మా అమ్మాయి వంటింటి సొరుగున ఒక చిన్న కార్డు కంటబడిన నాడు.

ఆ కార్డు పేరు గ్లోబల్ ఎంట్రీ. ఆ దేశపు సుంకముల, సరిహద్దుల రక్షణ శాఖవారు 2008వ సంవత్సరమున ప్రారంభించిన ఏర్పాటిది. తరచుగా దేశములు దాటువారు తమ పూర్వాపరములను ముందుగానే విన్నవించుకొని, శాఖవారి పరిశీలనకు లోబడి, అధికారి యెదుట కూర్చుండి ప్రశ్నలకు బదులు చెప్పి, వ్రేలిముద్రలు ఇచ్చినచో, ఐదేండ్లపాటు వారిని విశ్వసనీయులైన ప్రయాణికులుగా ఎంచుదురు. రుసుము నూరు డాలర్లుగా ఉండి, 2024 అక్టోబరు నుండి 120 డాలర్లయినది. దరఖాస్తును త్రోసిపుచ్చినను ఆ సొమ్ము తిరిగి రాదు. 2017 నుండి మన దేశ పౌరులకును ఇందు ప్రవేశము కలిగినది. అయితే మనవారి పూర్వచరిత్రను ఇక్కడి పోలీసులు విచారించి చెప్పవలసి యుండును. కార్డు మాత్రము అందరకును రాదు. ఆ దేశపు పౌరులకు, అక్కడ శాశ్వత నివాసపు హక్కు కలవారికి, మెక్సికో పౌరులకు మాత్రమే అది తపాలాలో ఇంటికి వచ్చును. మా అమ్మాయి రెండవ కోవకు చెందినది.

కార్డు ఇంకను తన కాగితపు ఒరలోనే ఉన్నది. రేడియో తరంగములు సోకకుండ కాపాడు ఒర యట అది.

"ఇదేమిటమ్మా, ఆవాల పొట్లాల మధ్య పడి ఉంది?" అంటిని.

"అదా నాన్నగారూ! విమానాశ్రయంలో దానితో పని లేదు. అక్కడ ముఖం చూసి పంపించేస్తారు. అందుకే దాన్ని యాక్టివేట్ కూడా చెయ్యలేదు" అన్నది.

తెలుగు ఉపాధ్యాయునకు ఇట్టి మాట చెవిని పడినచో ఊరకుండలేడు. 'క్రియాశీలము చేయుట' అందమా, నోట మన్ను పోసినట్లుండును. శిల్పి చెక్కిన విగ్రహము ఎంత సుందరమైనను, ప్రాణప్రతిష్ఠ జరుగువరకు అది శిలయే గదా. కార్డుకు ప్రాణప్రతిష్ఠ యని సరిపెట్టుకొంటిని. ఆ రాత్రియే తండ్రీకూతుండ్రము కంప్యూటరు ముందు కూర్చుంటిమి. శాఖవారి పుటలో ఆమె తన ఖాతా తెరచినది. కార్డును యాక్టివేట్ చేయుటకై అందొక మీట యున్నది. కార్డుపై అచ్చువేసిన మూడంకెల సంకేతము నడిగినది. ఆమె ఆ అంకెలు కొట్టినది. అంతే! ఫిల్టరు కాఫీ దిగునంత సేపైనను పట్టలేదు. ఐదేండ్లు గడచి మరల క్రొత్త కార్డు వచ్చినప్పుడు ఈ తంతు మరల జరుపవలెనట.

ఇందలి యుక్తిని మెచ్చుకొనకుండ ఉండలేకపోతిని. తపాలాలో కార్డు దారితప్పి పరుల చేతబడినను అది వట్టి రేకు. దుష్యంతుని ఉంగరమునకు ఈ భాగ్యము లేకపోయెను. అది చేప కడుపున పడి, జాలరి చేతికి వచ్చి, ఆ పేదవానిని రాజభటుల చేతులలో దెబ్బలు తినిపించినది. చేతనున్నవాడు దాని స్వామియో కాడో ఉంగరము చెప్పజాలదు గదా.

అయితే మా అమ్మాయి మాటలోను నిజమున్నది. విమానాశ్రయమున ఈ కార్డును పైకెత్తి చూపుచు నడుచువారు శ్రమపడుట తప్ప వేరు ప్రయోజనము లేదు. అక్కడి యంత్రము ప్రయాణికుని ముఖమును చిత్రించి, తమయొద్ద నున్న చిత్రముతో పోల్చి చూచును. సభ్యత్వము పాస్‌పోర్టుతో ముడిపడి యుండును గనుక, పాత పాస్‌పోర్టు చెల్లి క్రొత్తది తీసికొన్నప్పుడు ఆ సంగతి శాఖకు తెలుపవలెను. తెలుపనిచో కార్డు ఎంత నిగనిగలాడినను యంత్రమునకు మనము అపరిచితులమే. విమానమెక్కుటకు ముందు జరుగు సోదాలో త్వరితమైన వరుస దొరకవలెనన్నను కార్డు చూపి లాభము లేదు. దాని వెనుక నున్న సంఖ్యను టిక్కెట్టు కొనునప్పుడే వ్రాయించుకొనవలెను. కార్డు కార్డుగా అక్కరకు వచ్చునది ప్రధానముగా భూమార్గమున, కెనడా మెక్సికో సరిహద్దులయొద్ద. అచ్చట ప్రాణప్రతిష్ఠ జరుగని కార్డు పలుకదు.

ఇదియంతయు క్రొత్త వింత యనుకొనరాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షు డను ఉద్యోగిని పేర్కొనెను. ఆతడు ఒక మాషకము పుచ్చుకొని ముద్ర నిచ్చును. ముద్ర కలవాడే జనపదమును ప్రవేశించుటకు గాని విడుచుటకు గాని అర్హుడు. ముద్ర లేని స్వదేశీయునకు పన్నెండు పణముల దండుగ; దొంగముద్రకు అంతకు మించిన శిక్ష; ఆ దొంగముద్ర పరదేశి చేత దొరకినచో శిక్ష మరింత హెచ్చు. మాషకము డాలర్లయినది గాని వాకిటనున్న అధ్యక్షుడు మారలేదు.

ఇక ఆ వాకిట మాకు జరిగినది చెప్పవలెను. అమ్మాయి ఇక్కడికి వచ్చి, తిరిగి వెళ్ళునప్పుడు మమ్ములను వెంటబెట్టుకొని పోయినది. విమానము దిగి పొడవైన వసారాలో నడచుచుండగా ఒకచోట దారి రెండుగా చీలినది. ఒక ప్రక్క పదిమందియైనను లేని యంత్రముల వరుస. మరొక ప్రక్క వందలాది జనము, త్రాళ్ళు కట్టిన మలుపులు. సభ్యత్వము ఎవరిది వారిదే. కూతురి విశ్వసనీయత తల్లిదండ్రులకు చెల్లదు. చంటిబిడ్డకైనను వేరుగా నమోదు ఉండవలసినదే. "నువ్వు వెళ్ళి పెట్టెలు చూసుకోమ్మా, మేం వస్తాం" అని నా భార్య అనెను. అమ్మాయి కదలలేదు. మాతోపాటు ఆ పెద్ద వరుసలోనే నిలుచున్నది.

ఒక గంట గడచియుండును. నా భార్య మెల్లగా, "పెట్టెలో రెండు రెబ్బలు కరివేపాకు పెట్టాను, తడిగుడ్డలో చుట్టి" అనెను. అమ్మాయి ముఖము పాలిపోయినది.

మన పెరటి కరివేప అక్కడ నిషిద్ధము. నిమ్మ, నారింజ తోటలను నాశనము చేయు ఒక తెగులును మోసికొని పోవు అతి చిన్న పురుగు కరివేపాకును ఆశ్రయించి బ్రతుకును. 2005లో ఫ్లోరిడా రాష్ట్రమున ఆ తెగులు బయటపడినది మొదలు అక్కడి నారింజ తోటలు కోలుకొనలేదు. కనుక పచ్చి కరివేపాకును దేశములోనికి రానీయరు. ఉన్నదని ముందే చెప్పినచో తీసి పారవేయుదురు. చెప్పక దాచి పట్టుబడినచో జరిమానా. పైగా విశ్వసనీయ ప్రయాణికుడు ఇట్టి తప్పు చేసినచో సభ్యత్వమే ఊడిపోవును. ఒక్కసారి పోయిన నమ్మకము తిరిగి రాబట్టుకొనుట సులభము కాదు. అమ్మాయి ఉద్యోగరీత్యా నెలకొకసారి దేశము దాటుచుండును.

"అమ్మా, ఎందుకు పెట్టావు?" అనెను గాని, గొంతులో కోపము లేదు, ఏడుపున్నది. నా భార్య నేల చూచుచు నిలిచినది. మూడేండ్ల క్రిందట బిడ్డ ఫోనులో "ఇక్కడి కరివేపాకుకి వాసనే లేదమ్మా" అన్న మాటను ఆమె కడుపున దాచుకొన్నదని ఆ క్షణమున నాకు తెలిసినది.

అధికారి అడుగకముందే అమ్మాయి చెప్పినది: పెట్టెలో ఆకులున్నవి. ఆతడు తల యూపి మమ్ములను మరియొక గదికి పంపెను. అక్కడొక యువతి చేతులకు తొడుగులు వేసికొని పెట్టె తెరచి, తడిగుడ్డ విప్పి, రెబ్బలను ముక్కునకు చేర్చి వాసన చూచి, "బాగున్నది, కాని కుదరదు" అన్న భావమున చిరునవ్వు నవ్వి, తొట్టిలో పడవేసినది. గుడ్డను మాత్రము మడచి నా భార్యకు తిరిగి ఇచ్చినది. జరిమానా లేదు.

ప్రాణము పోసికొన్న ఆ కార్డు కూడ మాకు అక్కరకు రాలేదు. నయాగరా చూచి కెనడా నుండి బఫెలో నగరపు పీస్ బ్రిడ్జి మీదుగా మరలునప్పుడు, అమ్మాయి దానిని ఒర నుండి తీసి చూచి, మరల లోపల పెట్టినది. బండిలో నున్న ప్రతి యొక్కరును సభ్యులైనగాని ఆ దారిని పోనీయరు. మావలన అల్లుడును మనుమడును గూడ సామాన్యుల వరుసలో పడిరి. పులిహోర పొట్లము విప్పితిమి.

మన దేశమునందును ఇట్టి ఏర్పాటు వచ్చినది. ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ అను పేర 2024 జూన్ 22న ఢిల్లీలో ఆరంభమై, 2025 జనవరి 16న హైదరాబాదుతో గూడ ఏడు నగరముల విమానాశ్రయములకు విస్తరించినది. ఇందు కార్డు లేదు. పాస్‌పోర్టును, బోర్డింగ్ పాసును యంత్రమునకు చూపి, పిదప ముఖము చూపినచో ద్వారము తెరచుకొనును. ఆరంభమున రుసుము పెట్టలేదు. తిరిగి వచ్చిన పిదప మేమిద్దరమును దరఖాస్తు చేసికొంటిమి. వ్రేలిముద్రలు తీయునప్పుడు నావి ఒక్కసారికే పడినవి; ఏండ్ల తరబడి సుద్దముక్క తప్ప పట్టని వ్రేళ్ళు. నా భార్యవి పడలేదు. అంట్లు తోమి, పిండి రుబ్బి, చింతపండు పిసికి అరిగిన వ్రేళ్ళవి. తుడిచి, నూనె రాచి, మరల తుడిచి, ఐదవ మారునకు గాని యంత్రము సమ్మతించలేదు. "నా చేతులు నావేనని చెప్పడానికి ఇంత కష్టమా!" అని ఆమె నవ్వినది.

శంషాబాదులో ఆ త్వరిత ద్వారమున కెదురుగ నుండు పెద్ద వరుసను చూచినవారికి తెలియును. గల్ఫ్ దేశములకు పోవు నిజామాబాదు, జగిత్యాల, కడప పడుచువాండ్రు చేత దస్త్రపు సంచులతో నిలుచుండి యుందురు. పదవ తరగతి గట్టెక్కనివాని పాస్‌పోర్టున, అట్టి దేశములలో పనికి పోవలెనన్న వలస అనుమతి కావలెనను ముద్ర పడును. ఇదియును ముద్రయే. ఒక ముద్ర వాకిలి తెరచును. ఒక ముద్ర మరియొక వాకిలి చూపును. 'విశ్వసనీయులు' అను మాట అక్కడ నాకు గొంతు దిగలేదు.

వచ్చే నెలలో మరల ప్రయాణము. నిన్న సాయంకాలము పెరటిలో నా భార్య కరివేప చెట్టునొద్ద నిలుచుండి లేతకొమ్మ త్రుంచుచుండుట చూచితిని. నేను నోరు తెరువకముందే ఆమె వెనుకకు తిరిగి, "పెట్టెలోకి కాదులెండి, ఇవాళ్టి పులుసులోకి" అనెను.