మలబద్ధము: కండరములకు శిక్షణ

ఈ విషయమును రేడియోలో ముచ్చటించుట కొందఱికి సంకోచము కలిగింపవచ్చును. కాని ఆముదమును, కరక్కాయ చూర్ణమును ఏండ్ల తరబడి సేవించియు గుణము గానక, సిగ్గుచే నెవరికిని చెప్పుకొనజాలక కృశించువారిని నేనెఱుగుదును. వైద్యుడనయ్యు నేనును తొలుత నిట్టివారికి మందుమీద మందు వ్రాసియిచ్చితిని.

కొందఱియందు దోషము ప్రేగులలో లేదు, ద్వారమునొద్ద నున్నది. అచ్చట నొక కండరము పెద్దప్రేగు తుదను వెనుకనుండి వడిసెలవలె చుట్టి ముందునకు లాగి వంచియుంచును. విసర్జనవేళ నది సడలి దారి తిన్నన కావలెను. ఈ రోగులు ముక్కినకొలది నది మఱింత బిగియును. ఒకచేత తలుపు త్రోయుచు రెండవచేత గడియ వేసినట్లే! వైద్యుడు వ్రేలితో పరీక్షించియే దీనిని చాలవఱకు పసికట్టగలడు.

దీనికి బయోఫీడ్‌బ్యాక్ అను శిక్షణ కలదు. సన్నని గొట్టమును గుదమునందుంచి, కండరపు బిగువును తెరపై గీతగా చూపుదురు. ముక్కునపుడు గీత పైకి లేచినచో రోగి తన పొరపాటును తానే కాంచును. కడుపుతో నెట్టుచు క్రింది కండరమును వదలుట నేర్చును. నీరు నింపిన చిన్న బుడగను వెలువరించుటయు నభ్యసించును. ఇంచుమించు 5, 6 పాఠములు చాలును, కోత లేదు.

ఇటలీలో జరిగి 2006లో ప్రకటితమైన పరిశోధనయందు, ఆఱు నెలలకు ఈ శిక్షణ పొందినవారిలో నూటికి 80 మందికి మంచి గుణము కనబడెను. విరేచనౌషధము పుచ్చుకొన్నవారిలో 22 మందికే.

అన్ని మలబద్ధములకును ఇది చికిత్స గాదు. రక్తము పడినను, శరీరము చిక్కినను, పెద్దవయస్సున అలవాటు హఠాత్తుగా మాఱినను, ముందుగా ప్రేగులను పరీక్ష చేయించుకొనుడు.