ఫోను పట్టుకునే ముందు ఏం జరిగింది?

ఇంటర్నెట్ వ్యసనం గురించి తొలినాళ్లలో పరిశోధన పత్రికలకెక్కిన మనిషి గేములాడే కుర్రాడు కాదు, 43 ఏళ్ల గృహిణి. అమెరికన్ మనస్తత్వవేత్త కింబర్లీ యంగ్ 1996లో ఆమె గురించి రాశారు. ఆమెకు అంతకుముందు మానసిక జబ్బూ లేదు, వేరే వ్యసనమూ లేదు. సాంకేతిక విషయాల మీద ఆసక్తీ అంతంతమాత్రమే. కాపురం సజావుగానే ఉందని తనే చెప్పింది. ఇంట్లోకి కంప్యూటరు వచ్చాక చాట్ రూములు అలవాటయ్యాయి. కొద్ది నెలల్లోనే వారానికి 50, 60 గంటలు వాటికే పోసాగాయి. వంటా, ఇంటి పనీ, సరుకులూ అన్నీ మూలపడ్డాయి. ఇద్దరు కూతుళ్లూ దూరమయ్యారు. ఏడాది తిరిగేసరికి భర్తతో విడిపోయింది.

ఇది జరిగి ముప్పై ఏళ్లు కావస్తోంది. అయినా ఇప్పటికీ ఈ మాట ఎత్తగానే మనకు పిల్లలే గుర్తొస్తారు. పిల్లల చేతిలోంచి ఫోను లాక్కోవడానికి పెద్దవాళ్లున్నారు. పెద్దవాళ్ల చేతిలోంచి లాక్కునేదెవరు? పైగా ఆఫీసు మెయిలూ, బ్యాంకు ఖాతా, చుట్టాల వాట్సాప్ గ్రూపూ, పెరుగు ప్యాకెట్టుకు డబ్బులిచ్చే క్యూఆర్ కోడూ అన్నీ అందులోనే ఉన్నాయి. తాగుడు మానేవాడు సారా కొట్టు వైపు వెళ్లకుండా ఉండగలడు. ఫోను లేకుండా పనిచేసే వయసువాడికి రోజు గడవదు. పని పేరుతో తెరిచింది పని అయ్యాక కూడా మూయకపోతే ఇంట్లోవాళ్లకు తేడా తెలియదు. చాలాసార్లు తనకూ తెలియదు.

మా పెద్దమ్మది తెనాలి. పెదనాన్న పోయి రెండేళ్లయింది, పిల్లలిద్దరూ డాలస్‌లో ఉన్నారు. కిందటి సంక్రాంతికి వెళ్లినప్పుడు రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే ఆమె గదిలో వెలుతురు కనిపించింది. వంటల వీడియోలూ, ప్రవచనాలూ, ఎవరివో పెళ్లి ఊరేగింపులూ ఒకదాని తర్వాత ఒకటి పోతున్నాయి. కళ్లు మూసుకునే ఉంది. కట్టేయమంటారా అని అడిగితే, ‘‘ఉండనీ నాన్నా, ఇంట్లో మనుషుల గొంతులు వినపడుతుంటాయి’’ అంది. నేను అప్పటిదాకా దాన్ని చెడు అలవాటు అనుకున్నాను.

ఫోను ఎందుకు వదలదు అన్న ప్రశ్నకు మెదడు వైపు నుంచి ఒక జవాబుంది. 1950లలో అమెరికాలో స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త పావురాలతో ప్రయోగాలు చేశారు. మీట పొడిస్తే గింజలు వస్తాయి. ఇన్నిసార్లు పొడిస్తే ఇన్ని అన్న లెక్క ఉంటే పావురం గింజ తిని కాసేపు ఆగేది. ఒకసారి మూడు పోట్లకూ, ఒకసారి ముప్పైకీ, లెక్క లేకుండా గింజలు పడితే మాత్రం ఆగకుండా పొడిచేది. గింజలు ఆపేసినా చాలాసేపు మానేది కాదు. తర్వాత వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను పరిశీలించారు. అనుకోకుండా పళ్లరసం చుక్క నోట్లో పడితే ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. రసానికి ముందు దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్నాక దీపానికే స్పందించాయి, రసానికి కాదు. అంటే డోపమైన్ పని రుచి చూపించడం కన్నా ‘వస్తుందేమో’ అని ఎదురుచూడటంతోనే ఎక్కువగా ముడిపడి ఉంది. రీల్స్ చూస్తున్నవాళ్ల మొహాలు గమనించండి, నవ్వు అరుదుగా కనిపిస్తుంది. వేలు మాత్రం ఆగదు.

ఈ జవాబు నిజమే కానీ చాలదు. అదే యాప్, అదే మెదడు ఉన్న పదిమందిలో ఒకరిద్దరే ఎందుకు కూరుకుపోతారో పావురం చెప్పలేదు.

దానికి అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో జరిగిన ఒక అధ్యయనం దగ్గరికి వెళ్లాలి. 1990ల నడుమ రాబర్ట్ క్రాట్ అనే పరిశోధకుడి బృందం 93 కుటుంబాలకు కంప్యూటర్లూ, నెట్ కనెక్షన్లూ ఇచ్చి ఏడాది రెండేళ్లు గమనించింది. నెట్ ఎక్కువ వాడినవాళ్లలో ఇంట్లో మాటలు తగ్గాయి, స్నేహితులు తగ్గారు, ఒంటరితనమూ దిగులూ కాస్త పెరిగాయి. 1998లో ఈ ఫలితం పెద్ద సంచలనమైంది. నాకు ఎక్కువ నచ్చేది ఆ తర్వాత వాళ్లు చేసిన పని. అదే మనుషులను మళ్లీ పలకరించారు. ఆ చెడు ప్రభావాల్లో చాలావరకు కనిపించలేదు. కొత్తగా మరికొందరిని కూడా తీసుకుని 2002లో ప్రకటించిన ఫలితాల్లో అసలు సంగతి బయటపడింది. నలుగురితో కలిసిపోయేవాళ్లకూ, అండగా మనుషులున్నవాళ్లకూ నెట్ మేలే చేసింది. ముభావంగా ఉండేవాళ్లలో ఒంటరితనం ఇంకా పెరిగింది, అండ లేనివాళ్లకూ ఆ మేలు దక్కలేదు.

ఆ తర్వాతి పరిశోధకులు ఒంటరితనానికీ తెరకూ మధ్య తిరిగే ఈ చక్రాన్ని ఇంకా దగ్గరగా చూశారు. ఎదుటపడి మాట్లాడటం కష్టంగా ఉన్న మనిషికి తెర వెనక నుంచి మాట్లాడటం తేలిక. ఆలోచించుకుని రాయొచ్చు, నచ్చకపోతే తప్పుకోవచ్చు. ఆ తేలికకు అలవాటుపడేకొద్దీ ఎదుటి మనిషితో మాట మరింత బరువవుతుంది. దిగులు వల్ల ఫోనా, ఫోను వల్ల దిగులా అంటే రెండూ నిజమే.

మగవాళ్లలో ఇది మరో రూపంలో వస్తుంది. పేకాట మన ఊళ్లకు కొత్త కాదు. కానీ క్లబ్బులోనో, తోటలోనో ఆడేవాడిని నలుగురూ చూస్తారు, కబురు ఇంటికి చేరుతుంది. ఫోనులో రమ్మీ ఆడేవాడిని పక్క మంచం మీదున్న భార్య కూడా చూడదు. అప్పు యాప్‌ కూడా అదే ఫోనులో ఉంటుంది. పోయింది రాబట్టుకోవాలన్న ఆరాటం ఒక పక్క, చెప్పుకోలేని సిగ్గు మరో పక్క. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఈ ఆటలను నిషేధించాయి, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. అవసరమైన చట్టాలే. ఆ సిగ్గును మాత్రం చట్టం తియ్యలేదు, ఇంట్లో ఎవరో ఒకరు తిట్టకుండా వినాలి.

ఇక పగలంతా ఇంటికీ ఆఫీసుకీ ఊడిగం చేసి, అందరూ పడుకున్నాక ఫోను తీసే ఆడవాళ్లున్నారు. రోజు మొత్తంలో తనదంటూ మిగిలింది ఆ గంటే. నిద్ర చెడుతుందని ఆమెకు తెలియక కాదు. ఆమెకు పగలు ఒక గంట దొరకాలి. అది దొరకనివ్వకుండా రాత్రి ఫోను మానమనడం అన్యాయం.

‘ఇంటర్నెట్ వ్యసనం’ పేరుతో ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో జబ్బేదీ లేదు. 2022లో అమల్లోకి వచ్చిన జాబితాలో గేముల వ్యసనం ఉంది. దానికి పెట్టిన కొలతలు మిగతావాటికీ ఆలోచించదగ్గవే: అదుపు తప్పడం, మిగతా పనులన్నింటికన్నా అదే ముందుకు రావడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం. రోజుకు ఇన్ని గంటలన్న లెక్క అందులో ఎక్కడా లేదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఇలాంటి సమస్యల కోసం ప్రత్యేక క్లినిక్కు నడుస్తోంది. అంతదూరం వెళ్లలేనివాళ్లు 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు.

చికిత్సలో తొలి రోజుల్లో చేయించే పని ఒకటి చాలా సాదాగా ఉంటుంది. ఫోను మానమనరు. పట్టుకున్న ప్రతిసారీ వేళా, దానికి ముందు ఏం జరిగిందీ, మనసెలా ఉందీ రాసుకోమంటారు. మా పెద్దమ్మను అడిగితే క్యాలెండరు మీద పాల లెక్క పక్కనే రాసింది. పగలు అక్కడక్కడ, ఏదో ఒక వేళ. రాత్రి మాత్రం వారం రోజులూ ఒకటే అంకె, తొమ్మిదిన్నర. ఆ వేళకేముంది పెద్దమ్మా అంటే కాసేపు మాట్లాడలేదు. పెదనాన్నకు బీపీ మాత్ర, గ్లాసుడు పాలు ఇచ్చే వేళ అది.

ఇప్పుడు తొమ్మిదిన్నరకు నేను ఫోన్ చేస్తున్నాను. రోజూ కుదరడం లేదు. కుదరని రోజు ఆమె వీడియోలు పెట్టుకుంటోంది.