చుక్కలు నేలగా ఎలా మారతాయి?

సర్వేయర్లు నేలంతా కొలవరు, అక్కడక్కడా కొన్ని చుక్కల దగ్గరే ఎత్తు కొలుస్తారు. మరి కంప్యూటర్ తెర మీద గట్లూ గుంటలతో సహా నేలంతా ఎలా కనిపిస్తుంది?

సివిల్ త్రీడీ లాంటి సాఫ్ట్‌వేర్ దగ్గరదగ్గరి చుక్కలను కలిపి త్రిభుజాలు అల్లుతుంది. త్రిభుజాలే ఎందుకు? ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేల మీదా ఊగదు కదా! ఒకే గీత మీద లేని మూడు చుక్కల మీదుగా ఒకే ఒక్క సమతలం పోతుంది. నాలుగైతే ఆ హామీ లేదు.

ఏ మూడింటిని కలపాలి? సోవియట్ గణితవేత్త బోరిస్ డెలోనే 1934లో చెప్పిన నియమం ఇక్కడ అక్కరకొస్తుంది: త్రిభుజం మూడు మూలల మీదుగా వృత్తం గీస్తే, దాని లోపల మరో చుక్క ఉండకూడదు. దాంతో సన్నగా సాగిన త్రిభుజాలు తగ్గుతాయి.

ఇక ఎత్తు లెక్క తేలికే. త్రిభుజం అంచు ఒకటి 50.2 మీటర్ల నుంచి 51.2 మీటర్లకు ఎక్కితే, 51 మీటర్ల కాంటూరు గీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) ఆ అంచును ఐదింట నాలుగు వంతుల దూరంలో దాటుతుంది.

అసలు చిక్కు కాలువల దగ్గర. ఈ గట్టు మీది చుక్కను సాఫ్ట్‌వేర్ అవతలి గట్టు చుక్కతో కలిపేసిందా, తెర మీద కాలువ పూడిపోయినట్టే! అందుకే గట్టు అంచు వెంట, కాలువ అడుగు వెంట ‘బ్రేక్‌లైన్లు’ గీస్తారు. ఏ త్రిభుజమూ వాటిని అడ్డంగా దాటకూడదు. ఆ గీతలు లేకపోతే ఎంత మట్టి తవ్వాలన్న లెక్కే తప్పుతుంది. కాబట్టే మంచి సర్వేయర్ గట్టు వంపు తిరిగిన ప్రతిచోటా ఆగి, కొలిచి, అది గట్టో అడుగో రాసుకుంటారు.