పేజీ తిప్పే ముందు

భిలాయ్ నెహ్రూ నగర్‌లో తెలుగువాళ్ల ఇంటికి కాస్త పెరడు ఉంటే అందులో కరివేపాకు మొక్క ఉంటుందని ఊహించడానికి పరిశోధన అక్కర్లేదు. వానలు పడి కొత్త చిగుళ్లు వచ్చాక ఆ మొక్క ఆకుల మీద పిట్టరెట్టలాంటి మచ్చ ఒకటి కనిపిస్తుంది. దగ్గరకు వెళ్లి చూస్తే అది కదులుతుంది. నల్లటి రెక్కల మీద తెల్లమచ్చల వరుస ఉండే కామన్ మోర్మన్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగు అది. రెట్టలా కనబడేదాన్ని పిట్టలు సాధారణంగా ముక్కుతో పొడవవు. కొన్నాళ్లకు ఆ వేషం చాలనంత పెద్దదవుతుంది. అప్పుడు చర్మం విడిచి ఆకుపచ్చగా మారి ఆకుల్లో కలిసిపోతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనుక నుంచి రెండు కొమ్మలుగా చీలిన ఎర్రటి కొమ్ము బయటికొచ్చి ఘాటైన వాసన వేస్తుంది. తర్వాత ఒక సన్నని పట్టుదారంతో నడుము దగ్గర తనను తాను కొమ్మకు కట్టుకుని ప్యూపాగా మారుతుంది. గూడేమీ అల్లుకోదు.

ప్రపంచంలో ఎక్కువమంది పసిపిల్లలకు తెలిసిన గొంగళిపురుగు మాత్రం ఇది కాదు. 1969లో ఎరిక్ కార్ల్ తన బొమ్మల పుస్తకంలో గీసిన ఆకలిగొన్న గొంగళిపురుగు. అది సోమవారం నుంచి రోజుకో రకం పండు తింటుంది. శనివారం కేకు, ఐస్‌క్రీమ్ దాకా లాగించి కడుపునొప్పి తెచ్చుకుంటుంది. చివరికి గూడు కట్టుకుని సీతాకోకచిలుకై బయటికొస్తుంది. వారాల పేర్లు, లెక్క, తిన్నచోట నిజంగానే పేజీకి పడిన రంధ్రం - పుస్తకంగా అది గొప్ప పని. శాస్త్రంగా చూస్తే రెండుచోట్ల తప్పుతుంది. గొంగళిపురుగు కనపడినదల్లా తినదు. కరివేపాకు మీద పుట్టినదాన్ని తెచ్చి జామాకు మీద పెడితే అది పస్తుంటుందే గాని దాన్ని ముట్టదు. ఇక గూడు సంగతి. సీతాకోకచిలుకల్లో చాలావాటికి పట్టుగూడు ఉండదు, గూడు అల్లేవి ఎక్కువగా మాత్ జాతి పురుగులు. ఈ తేడా ఛత్తీస్‌గఢ్‌లో పెరిగే పిల్లలకు తెలియకపోతే అది మరీ చిత్రం. ఇక్కడి చాంపా, కోర్బా ప్రాంతాల్లో నేసే కోసా చీర మద్దిచెట్ల మీద పెరిగే దసలి పట్టుపురుగు గూటి నుంచే వస్తుంది. ఒక కోసా గూడు, ప్యూపా ఉన్న ఒక కరివేపాకు కొమ్మ పక్కపక్కన పెడితే, ఏ వ్యాఖ్యానమూ లేకుండానే, ఆ పుస్తకానికి సవరణ దొరుకుతుంది.

అందుకని కార్ల్ పుస్తకాన్ని పక్కన పడేయమని నేను అనను. దాన్ని చదివిన పిల్ల పెరట్లోకి వెళ్లి వచ్చి, "అమ్మమ్మా, మన పురుగు గూడు కట్టలేదు" అంటే విజ్ఞానశాస్త్రం అక్కడ మొదలైనట్టే. పుస్తకం చెప్పినదాన్ని వస్తువుతో పోల్చి చూడటం శాస్త్రజ్ఞులకు వయసు వచ్చాక పట్టుబడే విద్య అనుకుంటాం గాని, నాలుగేళ్ల పిల్లలకు అది అందరాని పనేమీ కాదు.

బొమ్మల పుస్తకంలో శాస్త్రానికి అన్నిటికంటే పనికొచ్చే భాగం, నా దృష్టిలో, బొమ్మ కూడా కాదు, పేజీ తిప్పడం. టీవీలో దృశ్యం తనంతట తాను జరిగిపోతుంది. పుస్తకంలో తర్వాతి పేజీ పెద్దవాళ్ల చేతిలో ఉంటుంది. అక్కడ ఆగి "ఇప్పుడేమవుతుంది?" అని అడిగితే పిల్ల ఏదో ఒకటి చెప్పి తీరుతుంది. పేజీ తిప్పితే అది నిలుస్తుంది, లేదా వీగిపోతుంది. ఊహించడం, పరీక్షించడం, తేడా వస్తే ఊహను మార్చుకోవడం - హైస్కూలు పాఠంలో శాస్త్రీయ పద్ధతి అని బోర్డు మీద రాయించేది ఇదే. మన ఇళ్లలో మాత్రం బొమ్మల పుస్తకం తెరిస్తే జరిగేది ఎక్కువగా పేర్ల పరీక్ష. ఉత్తరాంధ్ర నుంచి భిలాయ్ చేరిన కుటుంబాల్లో "ఇదేటి?" అని పెద్దవాళ్లు, "ఏనుగు" అని పిల్లలు. పేరు తెలియడం మంచిదే. దానితోనే పేజీ తిరిగిపోతే ఏనుగుకు అంత పెద్ద చెవులెందుకన్న ప్రశ్న అక్కడే చనిపోతుంది. జవాబు ఒకే మాటగా రాని ప్రశ్నలు అడిగితే చిన్నపిల్లల మాట ఎంత పెరుగుతుందో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం 1988లోనే చూపింది.

పిల్లలు బొమ్మను ఎలా అర్థం చేసుకుంటారన్నది కూడా మనం తేలిగ్గా తీసుకునే విషయం. తొమ్మిది నెలల బిడ్డ పుస్తకంలోని సీసాబొమ్మను పట్టుకుని ఎత్తబోతుంది. జూడీ డీలోచ్ బృందం 1998లో ఇది అమెరికా పిల్లల్లోనే కాదు, ఐవరీ కోస్ట్ పల్లెటూరి పిల్లల్లోనూ గమనించింది. ఏడాదిన్నర దాటాక ఆ పట్టుకోవడం మాని వేలు పెట్టి చూపిస్తారు. అంటే బొమ్మ వస్తువు కాదని, వస్తువుకు గుర్తు అని నేర్చుకున్నారన్నమాట. ఈ నేర్పు తర్వాత కూడా పెళుసుగానే ఉంటుంది. లాగితే లేచే బొమ్మలు, తెరిస్తే తెరుచుకునే తలుపులు ఉన్న ఖరీదైన పుస్తకాలు కొంటాం. అలాంటి ఆకర్షణలు ఉన్న పుస్తకాల కంటే సాదా బొమ్మల పుస్తకాల నుంచే చిన్నపిల్లలు ఎక్కువ నేర్చుకున్నారని 2010లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. పిల్ల దృష్టి తలుపు మీదే ఉండిపోతుంది, దాని వెనక ఉన్న కప్ప మీదికి పోదు. పర్సు బరువుకు ఇది శుభవార్త.

జంతువులు మాట్లాడే పుస్తకాల సంగతి ఇంతకంటే చిక్కు. పంచతంత్రం పుట్టిన దేశంలో కాకి, నక్క మాట్లాడకూడదంటే వినేవాళ్లెవరు? వినక్కర్లేదు కూడా. కాని టొరంటోలో ప్యాట్రీషియా గానియా బృందం 2014లో ప్రచురించిన పరిశోధనలో, జంతువులను మనుషుల్లా చూపిన పుస్తకాలు విన్న పిల్లలు నిజమైన జంతువులకూ మనుషుల లక్షణాలు అంటగట్టారు, వాటి గురించిన వాస్తవాలు తక్కువగా నేర్చుకున్నారు. కథల పుస్తకంలో కుందేలు తెలివిగా సింహాన్ని బావిలో దూకించవచ్చు. కుందేలు ఏం తింటుందో, చెవులతో ఏం చేస్తుందో చెప్పే పుస్తకంలో మాత్రం దానికి చొక్కా తొడగకూడదు. రెండు రకాల పుస్తకాలూ ఇంట్లో ఉండాలి. ఒకే పుస్తకంలో రెండూ కలిపితేనే చిక్కు.

మాట్లాడని జంతువులతో ఎంత దూరం వెళ్లవచ్చో చూపిన ప్రయోగం ఒకటి నాకు చాలా ఇష్టం. బోస్టన్ విశ్వవిద్యాలయంలో డెబొరా కెలెమన్ బృందం ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం పిలోసాలు అనే కల్పిత జంతువుల మీద చిన్న బొమ్మల పుస్తకం తయారుచేసింది. వాటిలో కొన్నిటికి లావు తొండం, కొన్నిటికి సన్నని తొండం. వాతావరణం మారి, అవి తినే పురుగులు భూమిలోని ఇరుకు సందుల్లోకి వెళ్లిపోతాయి. సన్నని తొండం ఉన్నవాటికి తిండి అందుతుంది, పిల్లలు పుడతాయి. లావు తొండం ఉన్నవి క్రమంగా తగ్గిపోతాయి. ఏ జంతువూ "నా తొండం సన్నబడాలి" అని కోరుకోదు, అలా ప్రయత్నించి మారదు. మన ఏడో తరగతి విద్యార్థి కూడా "జిరాఫీ ఆకుల కోసం మెడ సాచి సాచి పొడుగైంది" అనే చోట, ఈ చిన్నపిల్లలు ప్రకృతి వరణాన్ని సరిగ్గా వివరించారు, మరో కొత్త జంతువుకు దాన్ని అన్వయించారు, మూడు నెలల తర్వాత కూడా మరిచిపోలేదు. ఫలితాలు 2014లో వచ్చాయి. పదాలు నేర్పలేదు, నిర్వచనం నేర్పలేదు. పేజీ తర్వాత పేజీగా ఒక కారణాన్ని నడిపించారు, అంతే.

ఇక కొలత. బొమ్మల పుస్తకాలు తెలియకుండా చెప్పే పెద్ద అబద్ధం ఇదే. చీమకూ పేజీ నిండా చోటు, ఏనుగుకూ అంతే. గ్రహాలన్నీ గొలుసు పూసల్లా ఒకదాని పక్కన ఒకటి సూర్యుడి చుట్టూ. భూమి ఆవగింజలో సగమంత, అంటే ఒక మిల్లీమీటరు అనుకుంటే, సూర్యుడు దాదాపు పదకొండు సెంటీమీటర్లు ఉంటాడు, సుమారు పన్నెండు మీటర్ల దూరంలో ఉంటాడు. ఏ పేజీలోనూ పట్టదు. పట్టనప్పుడు ఆ సంగతి బొమ్మలోనే చెప్పాలి. చీమ పక్కన పిల్ల వేలు, తిమింగలం పక్కన బస్సు గీస్తే సగం పని అయిపోతుంది. కొలత ఒక్కటే కాదు, కోసి లోపల చూపే బొమ్మలు, బాణం గుర్తులు కూడా పెద్దలకు సహజం, పసివాళ్లకు కొత్త లిపి. నీటి చక్రం బొమ్మలో పైకి పోయే బాణాన్ని చూసి ఆకాశంలో నిజంగా బాణాలు ఉంటాయనుకునే పిల్లను చూసి నవ్వడం సులువు. ఆ బాణం అర్థం ఏమిటో మనమెప్పుడూ చెప్పలేదుగా.

ఇలాంటి పుస్తకాలు మనకు ఉన్నాయా అంటే, చరిత్ర కొంత ఘనంగానే ఉంది. లోకంలో పిల్లల బొమ్మల పుస్తకాలకు తొలి మెట్టుగా చెప్పే కొమీనియస్ పుస్తకం 1658లో న్యూరెంబర్గ్‌లో వచ్చింది. కాకి, గొర్రె, మిడత చేసే చప్పుళ్లతో అక్షరాలు నేర్పి, నిప్పు, గాలి, నీరు, రాళ్లు, చెట్ల బొమ్మల్లోకి తీసుకెళ్లే పుస్తకం అది. మన దగ్గర 1957లో నేషనల్ బుక్ ట్రస్ట్ ఏర్పడింది. అది పిల్లల కోసం నడిపిన వరుస పేరు నెహ్రూ బాల పుస్తకాలయం. అందులో తెలుగు పుస్తకాలూ ఉన్నాయి. 1955 ఫిబ్రవరిలో భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఒప్పందం చేసుకున్న సోవియట్ దేశమే తెలుగు పిల్లలకు చవక ధరలో అందమైన పుస్తకాలనూ పంపింది. వృక్షశాస్త్రం చదివిన, 'అతడు-ఆమె' నవల రాసిన ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో ఉండి తెలుగు చేసిన పుస్తకాలు, పెరెల్మాన్ రాసిన భౌతికశాస్త్ర పుస్తకాలు విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో దొరికేవి. ఇప్పుడు సికింద్రాబాద్ నుంచి మంచి పుస్తకం సంస్థ, జన విజ్ఞాన వేదిక చెకుముకి పత్రిక ఆ పని కొనసాగిస్తున్నాయి. 2015లో ప్రథమ్ బుక్స్ తెరిచిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు, హిందీ బొమ్మల పుస్తకాలు ఉచితంగా దించుకోవచ్చు. కొరత పుస్తకాల సంఖ్యలో కన్నా, ఈ ఊరి పిల్ల తన చుట్టూ చూసే వస్తువుల మీద పుస్తకం లేకపోవడంలో ఉంది.

ఈ ప్రాంతానికి ఇంకో వారసత్వం ఉంది. ఛత్తీస్‌గఢ్ ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్న రోజుల్లో, 1972లో, హోషంగాబాద్ జిల్లాలోని పదహారు పాఠశాలల్లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు విజ్ఞానశాస్త్ర బోధనలో ఒక ప్రయోగం మొదలుపెట్టాయి. తర్వాత ఏకలవ్య సంస్థ దాన్ని నడిపింది. అక్కడి పుస్తకంలో జవాబులు ఉండేవి కావు. చెయ్యాల్సిన పనులు, అడగాల్సిన ప్రశ్నలు మాత్రమే ఉండేవి. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఆరు నుంచి ఎనిమిదో తరగతుల కోసం రూపొందిన పద్ధతే అయినా, జవాబును పుస్తకంలో దాచకుండా పిల్ల చేతికి వదిలేయడమన్నది ఐదేళ్ల పిల్లకు ఇంకా బాగా నప్పుతుంది.

అలాంటి పుస్తకం భిలాయ్ కోసం ఎవరైనా గీస్తే మొదటి పేజీ ఎర్రగా ఉండాలి. దల్లీ రాజహరా గనుల నుంచి వచ్చే ఇనుప రాయి రంగు అది. "దీని దగ్గర అయస్కాంతం పెడితే?" అని అడిగి ఆగాలి. ఇనుపరాయి అన్నాం కాబట్టి అంటుకుంటుందనే పిల్లలు చెబుతారు. అంటుకోదు, లేదా అంటీ అంటనట్టు ఉంటుంది. ఎందుకంటే అందులో ఇనుము ఆక్సిజన్‌తో కట్టుబడి ఉంది. ఆ రాయితో పాటు నందిని గనుల నుంచి వచ్చిన సున్నపురాయి, దూరం నుంచి వచ్చిన బొగ్గుతో చేసిన కోక్ కలిసి కొలిమిలోకి వెళతాయి. కోక్ నుంచి పుట్టిన వాయువు ఇనుము దగ్గరున్న ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. సున్నపురాయి మట్టినీ మలినాలనూ కలుపుకుని లోహమలంగా పైకి తేలుతుంది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఈ పని రాత్రింబవళ్లు జరుగుతోంది. రాత్రి ఆకాశం ఎరుపెక్కితే "ప్లాంట్‌లో పోస్తున్నారు" అనుకుంటూ పెరిగిన పిల్లకు లోపల ఏం పోస్తున్నారో బొమ్మలో చూపిన పుస్తకం నాకైతే కనపడలేదు. తర్వాతి పేజీలో అదే అయస్కాంతం ఒక రైలుపట్టా ముక్కను గట్టిగా పట్టుకుంటుంది. ఆ తర్వాత 260 మీటర్ల పొడవున అతికిన పట్టా. మీటరు ఎత్తున్న పిల్లలు ఎంతమంది వరుసగా పడుకుంటే అంత పొడవు అన్న లెక్క పిల్లలదే. చివర వానలో వదిలేసిన మేకు, దాని మీద ఎర్రని తుప్పు. మళ్లీ ఆక్సిజనే. మొదటి పేజీ రంగు, చివరి పేజీ రంగు ఒకటేనని చెప్పక్కర్లేదు, పిల్లే వెనక్కి తిప్పి చూసుకుంటుంది.

దీని భాష ఏమిటన్నది నెహ్రూ నగర్‌లో మామూలు ప్రశ్న కాదు. బడిలో హిందీ లేదా ఇంగ్లిషు, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకు తెలుగు అక్షరం చాలాసార్లు రాదు. నానమ్మకు హిందీ అక్షరం రాకపోవచ్చు. తూలికా వంటి ప్రచురణ సంస్థలు చాలా ఏళ్లుగా తెస్తున్నట్టు రెండు భాషలు ఒకే పేజీలో ఉంటే ఇద్దరూ ఒకే బొమ్మ ముందు కూర్చోగలరు. రాజహరా రాయి, అయస్కాంతం, తుప్పు పట్టిన మేకు ఒక సంచిలో వేసి ఆ పుస్తకంతో పాటే ఇవ్వాలి. అంగన్వాడీకి ఆ సంచి ఖర్చు పుస్తకం ఖర్చు కన్నా తక్కువే పడుతుంది.