పల్లె కాపురం చౌకేనా? మకాం మార్చే ముందు ఒక లెక్క

ఎండాకాలం సెలవులు వచ్చాయంటే సింహాద్రిపురం మండలంలో చాలా ఇళ్లలో ఒకటే చర్చ. పిల్లల చదువు కోసం పులివెందులకో, ప్రొద్దుటూరుకో మకాం మార్చేద్దామా, ఊళ్లోనే ఉండి బస్సులో పంపుదామా అని. ముసలివాళ్లది ఒక మాట, ఇల్లాలిది ఒక మాట. చివరికి పక్కింటివాళ్లు పోయారు కాబట్టి మనమూ పోదామని తేలుతుంది. శనగ విత్తే ముందు విత్తనానికెంత, సేద్యానికెంత, మందుకెంత అని వేళ్ల మీద లెక్క కట్టే రైతు, కాపురం మార్చేటప్పుడు మాత్రం కాగితం ముట్టడు.

రెండు మూడెకరాలున్నవాళ్లు ఆ లెక్క ఎలా వేసుకోవాలో ఈ వారం చూద్దాం. ఇందులో 'అనుకుందాం' అని రాసిన ధరలన్నీ దారి చూపడానికే. మీ ఊరి ధర, మీ అంగడి ధర అందులో పెట్టి మళ్లీ వేసుకోండి.

చేను వంటింటికి ఏమిస్తోంది?

"పల్లెలో ఖర్చేముంది, బాడుగ లేదు, పాలు కొనేది లేదు" అనే మాట మన పెద్దల కాలం నాటిది. అప్పుడది నిజమే. నల్లరేగడిలో జొన్న, శనగ, ధనియాలు. ఎర్రనేలలో శనక్కాయ, సాళ్ల మధ్య కంది, అనుములు. ఉప్పు, బెల్లం, బట్ట తప్ప అంగట్లో కొనేది తక్కువ. జొన్నచొప్ప ఎద్దులకు, బర్రెకు. పేడ తిరిగి చేనికి.

తర్వాత బోర్లు వచ్చాయి, బోర్ల వెంట చీనీ వచ్చింది. చీనీ డబ్బు తెచ్చింది, ఎవరూ కాదనరు. దాని మీద ఇళ్లు కట్టినవాళ్లున్నారు, ఆడపిల్లల పెళ్లిళ్లు చేసినవాళ్లున్నారు. కానీ చేనంతా చీనీ పెట్టినప్పుడు వంటింట్లోకి వచ్చే సరుకు ఒక్కొక్కటే ఆగిపోయింది. చీనీకాయలు పిండుకుని సంగటి తినలేం కదా. జొన్నలు కొనాలి, కందిపప్పు కొనాలి, నూనె కొనాలి. చొప్ప లేదు కాబట్టి బర్రెను అమ్మేశాం, పాలూ కొనాలి. ఇంత జరిగాక కూడా పల్లె చౌక అనే మాట మాత్రం నోట్లో మిగిలింది.

ఇది మన మండలం సంగతే కాదు. కేంద్ర ప్రభుత్వం చేసే కుటుంబ ఖర్చుల సర్వేల ప్రకారం 1999–2000లో పల్లె కుటుంబం వంద రూపాయలు ఖర్చు పెడితే 59 రూపాయలు తిండికే పోయేవి. 2023–24 నాటికి అది 47కు దిగింది. అంటే సగానికి పైగా డబ్బు ఇప్పుడు బట్ట, మందులు, చదువు, ప్రయాణం, ఫోను, కరెంటు లాంటి వాటికి పోతోంది. ఇవేవీ చేలో పండేవి కావు. అదే సర్వేలో దేశం మొత్తం మీద పల్లెలో మనిషికి నెల ఖర్చు సగటున 4,122 రూపాయలు, పట్టణంలో 6,996 రూపాయలు. ఇంట్లో పండించుకుని తిన్నదానికి కూడా ధర కట్టి వేసిన సగటు ఇది. అయిదుగురున్న ఇంటికి పల్లె లెక్కనే చూసినా నెలకు 20,610 రూపాయలు, ఏడాదికి దగ్గర దగ్గర రెండున్నర లక్షలు. మూడెకరాల మీద అంత మిగులు ప్రతి ఏడూ కళ్లజూస్తున్నామా? ఎవరికి వారు గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకోవాలి.

ఒక్కో సరుకూ విడిగా చూడండి

జొన్నలు: ఇంటికి రోజుకు కిలో అనుకుందాం. ఏడాదికి 365 కిలోలు. 2025–26కు హైబ్రిడ్ జొన్నల మద్దతు ధర క్వింటా 3,699 రూపాయలు. ఆ లెక్కన 13,500 రూపాయల సరుకు. అంగట్లో కొంటే ఇంకా ఎక్కువే. నల్లరేగడిలో ఎకరాకు అయిదు క్వింటాళ్లే వచ్చినా ముప్పావు ఎకరా సరిపోతుంది. పైగా చొప్ప మిగులుతుంది. ఈ చొప్పే అసలు లాభం, ఎందుకో పాల దగ్గర చెబుతాను.

నూనె: నెలకు మూడు లీటర్లు, ఏడాదికి 36 లీటర్లు, అంటే తూకంలో 33 కిలోల చిల్లర. క్వింటా శనక్కాయలు కొట్టిస్తే 70 కిలోల పప్పు, గానుగాడిస్తే 28 కిలోల దాకా నూనె. కాబట్టి ఇంటి నూనెకు 120 కిలోల కాయలు కావాలి. ఎకరాకు నాలుగు క్వింటాళ్ల బెట్ట పంట వచ్చినా ముప్పై సెంట్లు చాలు. ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. 2025–26 మద్దతు ధర క్వింటాకు 7,263 రూపాయలు. అంత ధర పలికితే ఆ 120 కిలోలు అమ్మినా 8,700 రూపాయలు వస్తాయి. దాంతో అంగట్లో మామూలు నూనె కొనుక్కోవచ్చు. అంటే నూనె దగ్గర పెద్ద ఆదా లేదు. కళ్లంలో ధర పడిపోయి, దళారి అడిగిన రేటుకు ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం గానుగే మేలు. కల్తీ లేని నూనె, బర్రెకు చెక్క అదనం.

పాలు: రోజుకు లీటరు, 60 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 21,900. జొన్న, నూనె కంటే పెద్ద పద్దు ఇదే. ఇంట్లో చొప్ప ఉంటే, శనగపొట్టు, చెక్క ఉంటే బర్రె మేపు ఖర్చు సగం తగ్గుతుంది. మేపంతా కొనాల్సి వస్తే ఇంటి పాలు కూడా చౌక కావు. ఇంకోటి, ఈ 21,900లో ఇల్లాలి కష్టం ఎవరూ కలపరు. తెల్లవారకముందే లేచి పేడ తీసేది, పాలు పిండేది, మధ్యాహ్నం ఎండలో గడ్డి మోపు తెచ్చేది ఆమే. పట్టణానికి పోదామని ముందుగా ఆమే ఎందుకంటుందో మగవాళ్లు కాస్త ఆలోచించాలి.

మకాం మారిస్తే

ఇప్పుడు పులివెందులలో కాపురం, తోట ఊళ్లో అనుకుందాం. బాడుగ నెలకు 5 వేలైతే ఏడాదికి 60 వేలు. రైతు రోజూ తోటకు రావాలి. రానూపోనూ 40 కిలోమీటర్లు, లీటరుకు 50 కిలోమీటర్లిచ్చే బండి, పెట్రోలు 110 రూపాయలు అనుకుంటే రోజుకు 88 రూపాయలు. మూడు వందల రోజులకు 26,400. పాలు 21,900. ఈ మూడే లక్షా 8 వేలు దాటాయి. ఇందులో తోటకు కాపలా లేక పోయిన కాయలు, రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు దగ్గర మనిషి లేక ఎండిన సాళ్లు కలపలేదు.

ఊళ్లోనే ఉండి ఇద్దరు పిల్లల్ని ప్రైవేటు బడి బస్సులో పంపితే బస్సు ఖర్చు 30 వేలు అనుకుందాం. ఫీజు రెండు చోట్లా ఒకటే. అప్పుడు మకాం మార్చడానికీ ఉండిపోవడానికీ తేడా ఏడాదికి 78 వేల పైచిలుకు. బర్రె లేని ఇల్లయితే పాల పద్దు రెండు వైపులా ఉంటుంది కాబట్టి ఆ తేడా 56 వేలకు తగ్గుతుంది. చూశారా, పల్లెను చౌకగా నిలబెడుతున్నది బాడుగ లేని ఇల్లు ఒక్కటే కాదు, కొట్టంలో బర్రె కూడా.

చదువు గురించి ఇంకొక సంగతి చాలామంది పట్టించుకోరు. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో వచ్చింది. పదో తరగతి మార్కుల మీదే సీటు. హాస్టలు లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో చదివిన పిల్లలకు అక్కడ 4 శాతం మార్కులు అదనంగా కలుపుతారు. పోటీ గట్టిగా ఉండేచోట ఆ నాలుగు శాతం చిన్నది కాదు. అలాగని ఊరి బడి ఎలా ఉన్నా సర్దుకోమని చెప్పడం లేదు. లెక్కలకు, ఇంగ్లీషుకు అయ్యవార్లు ఉన్నారా, పదో తరగతిలో ఎందరు పాసవుతున్నారు అని వెళ్లి అడిగి చూడండి. ఉంటే బాడుగ డబ్బు మిగిలినట్టే. లేకపోతే మకాం మార్చడంలో తప్పు లేదు, తెలిసి మార్చండి.

ప్రయాణం సంగతి కూడా మారింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టిక్కెట్టు లేదు. ఆసుపత్రికి, బ్యాంకుకు, అంగడికి పోయే పని ఇల్లాలు చేసుకొస్తే ఆమేరకు ఖర్చు తగ్గుతుంది. కాలేజీకి పోయే ఆడపిల్లలకూ అంతే. మీ ఊరికి బస్సు వేళకు వస్తుందా అన్నదే ప్రశ్న.

నీళ్లు, మందులు

ఊరు బతకడానికి బాగుందా లేదా అని తేల్చేది మొదట నీళ్లు. చీనీ ఎకరాకు 110 చెట్లు. ఎండాకాలంలో పెద్ద చెట్టుకు రోజుకు వంద లీటర్లు అనుకున్నా 11 వేల లీటర్లు కావాలి. బోరు ఎండితే 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండుకు పైనే. ట్యాంకరు 600 అనుకుంటే రోజుకు 1,320, రెండు నెలలకు 79 వేలు, అదీ ఒక్క ఎకరాకు. చెట్టు బతకాలని ఒక ఏడు ఇలా తోలితే ఇంటి ఖర్చు మూడేళ్లు వెనక్కి పోతుంది. మన మండలంలోని పైడిపాలెం జలాశయం 2017 జనవరిలో ప్రారంభమైంది. 6 టీఎంసీలు పట్టేది. గండికోట నుంచి ఎత్తిపోసి నింపాలి. దాని కింద ఉన్నవాళ్ల లెక్క వేరు, మిట్టన ఉండి బోరునే నమ్ముకున్నవాళ్ల లెక్క వేరు. మిట్ట రైతులు ఉన్నదంతా చీనీ చేయకుండా ఒక ఎకరా అయినా జొన్న, శనగ, కందికి వదిలితే కరువేడు వంటింటిని అదే నిలబెడుతుంది.

తాగే నీళ్లకు క్యాను రోజుకు పది రూపాయలైతే ఏడాదికి 3,650. ఇది పట్టణం ఖర్చు అనుకునేవాళ్లం, ఇప్పుడు పల్లెలోనూ ఉంది. బోర్లు లోతుకు పోయేకొద్దీ నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. పిల్లల పళ్ల మీద గారలు కనిపిస్తే నీళ్లు పరీక్షకు పంపండి.

జబ్బుల విషయంలో పల్లె వెనకబడే ఉంది, దాచిపెట్టి లాభం లేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం పెద్ద చికిత్సలకు. రాత్రిపూట జ్వరానికి, కడుపునొప్పికి ఆటో మాట్లాడుకుని పులివెందులకు పోయే ఖర్చు మన జేబుదే. బీపీకి, చక్కెర జబ్బుకు మాత్రలు సర్కారు ఆసుపత్రిలో ఊరికే ఇస్తారు. మందుల షాపులో నెలనెలా కొనేవాళ్లు అక్కడ ఒకసారి అడగండి. ముసలివాళ్లిద్దరున్న ఇంటికి ఇది చిన్న మిగులు కాదు.

అసలు దొంగ వడ్డీ

జొన్న, పాలు, పెట్రోలు అన్నీ ఒక ఎత్తు, వడ్డీ ఒక ఎత్తు. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే చిన్నగానే వినిపిస్తుంది. అది నెలకు. ఏడాదికి 24 శాతం. 50 వేలు తెస్తే ఏడాదికి 12 వేల వడ్డీ. అదే బ్యాంకులో పంట రుణమైతే 3 లక్షల దాకా 7 శాతం, గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే. 50 వేలకు 2 వేలు. తేడా 10 వేలు, అంటే దాదాపు అయిదున్నర నెలల పాల డబ్బు. గడువు ఒక్కరోజు దాటినా ఆ మూడు శాతం పోతుంది. కాబట్టి పాసు పుస్తకంలో గడువు తేదీ చూసి గోడ మీద క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. మకాం మార్చడానికి అడ్వాన్సు బాడుగ, సామాను, బడి ఫీజు కలిపి చేబదులు తెస్తే ఈ వడ్డీని కూడా మకాం లెక్కలోనే రాయాలి. చాలామంది దాన్ని చేను లెక్కలో కలిపి, సేద్యం గిట్టలేదంటారు.

చివరగా, లెక్కంతా వేసుకుని పోవడానికే నిశ్చయించుకున్నవాళ్లకు ఒక సూచన. భూమి కౌలుకిస్తే 2019 చట్టం కింద కౌలుదారుకు సాగు హక్కు కార్డు మీద సంతకం పెట్టండి. అది పదకొండు నెలలకే. మీ పట్టాకు, మీ హక్కుకు దానివల్ల ఏ ఇబ్బందీ రాదు. ఆ కార్డు లేకపోతే పంట పోయినప్పుడు పరిహారం సాగు చేసినవాడికి అందదు, బ్యాంకులో పంట రుణం పుట్టదు. అప్పుడు అతను నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి పోతాడు, మీ కౌలు కూడా ఆలస్యమవుతుంది. సచివాలయంలో దరఖాస్తు దొరుకుతుంది. ఖరీఫుకు ముందే పెట్టుకుంటే ఈ-పంటలో పేరు ఎక్కించడానికి వీలుంటుంది.