తెలుగు చదివే టెసరాక్ట్‌ని మన కంప్యూటర్‌లో మనమే కంపైల్ చేద్దాం

హనుమాన్ జంక్షన్ నుంచి ఇంకో ఎపిసోడ్.

ఇంట్లో తెలుగులో ప్రింటైన పాత పొలం కాగితం ఉంది, దాన్ని టెక్స్ట్‌గా మార్చాలి. మనం ఏం చేస్తాం? ఫోన్‌తో ఫొటో తీసి ఏదో ఒక ఫ్రీ యాప్‌లో పడేస్తాం. సర్వే నంబరు, పేర్లు, సంతకాలు అన్నీ ఆ ఫొటోలోనే ఉంటాయి. అది ఎవరి సర్వర్‌కి వెళ్తుందో మనకి తెలీదు.

నెట్ ఆపేసినా డెస్క్‌టాప్‌లో ఈ పని చేసేది టెసరాక్ట్. 1985లో హెచ్‌పీలో మొదలైంది, 2005లో ఓపెన్ సోర్స్ అయింది. ఉబుంటులో రెడీమేడ్‌గా దొరుకుతుంది కానీ ఆ వెర్షన్ పాతది కావచ్చు. కొత్తది కావాలంటే సోర్స్ నుంచి కంపైల్ చేసుకోవచ్చు.

రెడీమేడ్ అంటే సీసాలో కొన్న ఆవకాయ. సోర్స్ కోడ్ అంటే నూజివీడు కాయలు, కారం, ఆవపిండి, కొలతల చీటీ అన్నీ మన చేతికి రావడం. లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు.

కోడ్ డౌన్‌లోడ్ చేశాక ఆ ఫోల్డర్‌లో ముందు ఆటోజెన్, తర్వాత కాన్ఫిగర్ స్క్రిప్ట్ రన్ చెయ్యండి. కాన్ఫిగర్ పని సామాన్లు సరిచూడటం. బొమ్మల్ని చదివే లెప్టోనికా లైబ్రరీ లేకపోతే అక్కడే ఆగిపోతుంది. భయపడొద్దు, ఎర్రర్‌లో ఏ పేరుందో చదవండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పేరు చివర ‘డెవ్’ ఉన్న ప్యాకేజీ తీసుకోండి. మామూలుది ప్రోగ్రాం నడవడానికే. కంపైల్‌కి కావాల్సిన హెడర్ ఫైళ్లు డెవ్‌లో ఉంటాయి.

తర్వాత ‘మేక్’. సీ ప్లస్ ప్లస్ కోడ్‌ని ప్రాసెసర్‌కి అర్థమయ్యే మెషిన్ కోడ్‌గా మార్చేది ఈ స్టెప్పే. ‘మైనస్ జే 4’ కలిపితే నాలుగు పనులు ఒకేసారి నడుస్తాయి. అయ్యాక ‘సుడో మేక్ ఇన్‌స్టాల్’, ఆపైన ‘సుడో ఎల్‌డీ కాన్ఫిగ్’.

ఇక్కడితో అయిపోలేదు. సోర్స్‌తో భాషల డేటా రాదు. ‘టెల్’ పేరుతో ఉన్న తెలుగు ట్రైన్డ్ డేటా ఫైల్‌ని విడిగా తెచ్చి టెస్‌డేటా ఫోల్డర్‌లో పెట్టాలి. కమాండ్‌లో ‘మైనస్ ఎల్ టెల్’ అనాలి. ఇప్పుడు నెట్ ఆపేసి రన్ చెయ్యండి, పనిచేస్తుంది.

ఒక్క మాట. ఇది అచ్చు అక్షరాల కోసం, చేతిరాతకి నమ్ముకోవద్దు. వచ్చిన టెక్స్ట్‌లో ఒత్తులు, అంకెలు అసలు కాగితంతో పోల్చి చూడండి. సర్వే నంబర్‌లో ఒక్క అంకె మారినా అది వేరేవాళ్ల పొలం అవుతుంది.

ట్రై చేసి, ఎక్కడ ఆగిందో కామెంట్‌లో ఎర్రర్‌తో సహా పెట్టండి. కలుద్దాం.